మహదేవపూర్ తంగేడు

జనగామ స్టేషన్ రోడ్డు మీద గాజులూ పిన్నులూ అమ్మే అక్క దగ్గర రంగులేని గోళ్ల పాలిష్ కొనే మగవాణ్ని నేనొక్కణ్నే. మొదటి సీసాకు ఆమె ఏమీ అనలేదు. రెండో సీసాకు నవ్వింది. మూడో సీసా కొన్న రోజు నాకంటే ముందు కబురు మా ఇంటికి చేరింది. అన్నం పెట్టి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, అమ్మ మెల్లగా అడిగింది.

"ఆ పిల్ల ఎవలు బిడ్డా?"

పిల్ల లేదు, ఆకు ఉంది అన్నాను. ఆకుకు గోళ్లెక్కడివి అంది. చెప్తే నమ్మేలా లేదు కాబట్టి చూపించాను. తంగేడు ఆకును బోర్లా వేసి, అడుగువైపు పాలిష్ పూసి, ఆరిన తరువాత ఆ పొరను సన్నగా ఊడదీశాను. దాన్ని గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపు కింద పెడితే ఆకు చర్మమంతా అచ్చు పడి కనబడుతుంది. ఆకు ఊపిరి తీసుకునే నోళ్లు, ఒక్కో నోటికి అటొకటి ఇటొకటి బుగ్గల్లాంటి కణాలు, మధ్యమధ్య వెంట్రుకలు. అమ్మ ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది. బాపు మాత్రం లేచి రాలేదు. ఇంత చదువు చదివి ఆకుల బొచ్చు లెక్కపెట్టే కొడుకు ఈ తాలూకాలో తనకొక్కడికే దక్కాడని గోడకు చెప్పుకున్నాడు.

అవి ఎనభైల మొదటి రోజులు. వరంగల్‌లో వృక్షశాస్త్రంలో పిహెచ్‌డి చేస్తున్నాను. తంగేడు, రేల, కసివింద, తంటెం అనే నాలుగు దాయాది మొక్కలు నా పని. పువ్వూ కాయా ఉంటే పశువులు కాసేవాళ్లు కూడా పోలుస్తారు. అవేవీ లేకుండా గోరంత ఆకుముక్కో, చిటికెడు పుప్పొడో ఇస్తే అది ఎవరిదో చెప్పాలి. దేనికి వెంట్రుకలు ఎక్కువ, ఏది నున్నన, ఎవరి పుప్పొడి రేణువు మీద గాట్లు ఎట్లా ఉన్నాయి అని పట్టికలు కట్టాలి. మూలికల కొట్లలో నేలతంగేడు పేరు చెప్పి మామూలు తంగేడు ఆకు అంటగట్టే దొంగల్ని పట్టుకోవడానికి ఇది పనికొస్తుందని మా గైడు సార్ అనేవారు. నాలుగేళ్లలో ఆ విద్యతో దొరికిన దొంగ ఒక్కడే. ఆ దొంగను నేనే.

నేను చెట్ల దాకా రావడం కూడా సక్రమంగా జరగలేదు. అరవై తొమ్మిది ఉద్యమం వచ్చినప్పుడు పదో తరగతిలో ఉన్నాను. ముల్కీ అంటే ఏమిటో నాకు సగమే తెలుసు. లెక్కల పరీక్ష ఉండదని మాత్రం పూర్తిగా తెలుసు. అందుకే గొంతు పోయేలా జై తెలంగాణ అని అరిచాను. పిక్క మీద ఒక లాఠీ దెబ్బ కూడా తిన్నాను, అయితే అది ముందున్నవాడికి పడాల్సింది. బాపు ఇక నన్ను జనగామలో ఉంచితే లాభం లేదని తొర్రూరు పక్కన అమ్మమ్మ ఊరికి తోలాడు. బడి లేని ఆ ఏడాదంతా మేకల వెంట తిరిగాను. మేకలు ఊళ్లో ఉన్న పచ్చదనమంతా ఊడ్చి తిని తంగేడు చెట్టును మాత్రం ముట్టేవి కావు. ఎందుకు ముట్టవో తెలుసుకుందామని నేను పిడికెడు నమిలాను. మేకలకున్న తెలివి నాకు లేదని ఆ రోజే తేలింది. కానీ ఆ చేదు నాలుక మీద ఉండిపోయి, పదేళ్లకు నన్ను తీసుకొచ్చి మా సార్ ముందు కూర్చోబెట్టింది.

సార్‌ది కోస్తా. వరంగల్ వచ్చి పదిహేడేళ్లయింది. ఉద్యమంలో మేము వెళ్లిపొమ్మన్నవాళ్లలో ఆయన కూడా ఒకరు. గొడవలు ముదిరిన వారం రోజులూ తలుపు గడియ పెట్టుకుని మైక్రోస్కోపు చూసుకున్నానని, బయట ఎవరు గెలిచారో తనకు తెలియలేదని నవ్వుతూ చెప్పేవారు. వెళ్లిపొమ్మని అరిచిన నేనే పదేళ్లకు ఆయనకు చాయ్ కాచాను. నేను "గిట్ల" అంటే ఆయనకు నవ్వు. "గిట్ల కాదోయ్, ఇలా" అని దిద్దేవారు. నేను మళ్లీ గిట్లనే అనేవాణ్ని. ఇద్దరం దాన్ని పట్టించుకోవడం మానేశాం.

ఒక్క విషయంలో మాత్రం ఆయన ముందు నవ్వు రాదు. రీడరుగా చేరి రీడరుగానే మిగిలిపోయారు. ఆయన తరువాత వచ్చినవాళ్లు ప్రొఫెసర్లయ్యారు. వాళ్ల వ్యాసాలన్నీ ఆయన బల్ల మీద ఉండేవి, చివర చిన్న అక్షరాలతో ఈయనకు కృతజ్ఞతలు ఉండేవి. రిటైర్మెంటుకు ఇక ఏడాదిన్నర ఉంది. తన పేరు మొదట ఉండే వ్యాసం ఒక్కటి, మంచిది, రాసి పోవాలని ఆయన కోరిక. నోరు తెరిచి ఎప్పుడూ చెప్పలేదు కానీ ఆ గదిలో కూర్చున్నవాడికి అది తెలియకుండా ఉండదు.

తంగేడు నేల మారితే మారుతుందా అని చూడటానికి మూడు చోట్ల నుంచి పూలూ ఆకులూ తెమ్మన్నారు. జనగామ, మహబూబాబాద్, మహదేవపూర్. మొదటి రెండూ నిజాయితీగానే తెచ్చాను. మహదేవపూర్ పోదామని వరంగల్ బస్టాండులో పొద్దంతా కూర్చున్నాను. బతుకమ్మ పండుగ రోజులు, పుట్టింటికి పోయే ఆడపడుచులతో బస్సులు క్రిక్కిరిసి ఉన్నాయి. ఘనపూర్ అవతల వాగు పొంగింది, బండి పోదని కండక్టరు తేల్చాడు. ఒక్క రెండు రోజులు ఆగితే వాగు తగ్గేది. నాకు ఆగబుద్ధి కాలేదు. ఇంట్లో పండుగకు చేసే సత్తుపిండి మీద మనసు పోయింది. జనగామ బస్సు ఎక్కి ఇంటికి వచ్చాను.

ఇంట్లో అమ్మ ముందు వెదురు గుల్ల నిండా తంగేడు పూలు. పక్కనే చెల్లెలు గునుగు పూల కట్టలు విప్పి, తెల్లటి కొసలను రంగులో ముంచి ఆరబెడుతోంది. ఆరినవి ఆరినట్టు అదే గుల్లలో వేస్తోంది. నేను గుల్లలోంచి రెండు పిడికిళ్ల తంగేడు తీసుకున్నాను. పాత పేపరు మడతలో పెట్టి, పైన చీటీ అంటించి ఇట్లా రాశాను: మహదేవపూర్, గోదావరి ఒడ్డు, రాళ్ల గుట్ట, ఎర్రనేల, ఆకాశం కొంచెం మబ్బు. సేకరించినవారు అన్నచోట నా పేరు. ఆ మబ్బు రాసినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. అబద్ధానికి అంత శ్రద్ధ పెట్టినవాణ్ని, నిజానికి పెట్టి ఉంటే ఈపాటికి ఎక్కడో ఉండేవాణ్ని.

సెలవులైన తరువాత ఆ పూల పుప్పొడి తీసి స్లైడు చేశాను. సార్ చూశారు. తల పైకెత్తి నన్ను చూశారు. మళ్లీ వంగి చూశారు. నన్ను కూడా చూడమన్నారు. తంగేడు పుప్పొడి రేణువు వడ్లగింజలా పొడుగ్గా ఉంటుంది, దాని మీద మూడు గాట్లు ఉంటాయి. అవి ఉన్నాయి. వాటి మధ్య ఇంకో రకం ఉన్నాయి. గుండ్రటివి, ఒళ్లంతా జల్లెడలా చిల్లులు. పైగా ఎర్రగా ఉన్నాయి. నేనింకా రంగు వెయ్యనే లేదు.

ఆయన తొందరపడే మనిషి కాదు. ఇట్లాంటి చిల్లుల రేణువులు తోటకూర జాతి మొక్కలకు ఉంటాయి, ఆ చుట్టుపక్కల ఉత్తరేణి గానీ గునుగు గానీ ఉన్నాయా అని అడిగారు. గుల్ల సంగతి అప్పటికి నా బుర్రలోంచి పూర్తిగా పోయింది. నాకు గుర్తున్నదల్లా నేను రాసిన రాళ్ల గుట్ట. లేవు సార్, ఒట్టి రాళ్లే అన్నాను. పూలు తీసుకున్నాక వేరే పూలతో కలిపావా అన్నారు. లేదు సార్ అన్నాను. రంగు వేశావా అన్నారు. లేదన్నాను. అడగాల్సినవన్నీ ఆయన వరసగా అడిగారు, నేను వరసగా అబద్ధాలు చెప్పాను, నాకు తెలిసినంతలో ఆ చివరిదొక్కటే నిజం.

తంగేడు పువ్వులో కేసరాలు అన్నీ ఒకే తీరుగా ఉండవు. కొన్ని పొట్టివి, కొన్ని పొడుగు. ఒక రకం పుప్పొడి తేనెటీగకు మేతగా, రెండోది విత్తనానికి అని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు అనుమానించిన విషయమే. కానీ ఒకే పువ్వులో ఇంత తేడాగా, రంగుతో సహా రెండు రకాల పుప్పొడి ఎవరూ చూడలేదు. గోదావరి ఒడ్డు తంగేడులో మాత్రమే ఉందంటే అది వేరే జాతే కావచ్చు. సార్ ఆ రోజు నాకు చాయ్ పోశారు. ఆయన చేత్తో చాయ్ తాగడం అదే మొదలు. ఢిల్లీలో జరిగే సభకు వ్యాసం సారాంశం రాసి పంపారు. తన పేరు మొదట, నా పేరు రెండోది. సభ వాళ్లు రమ్మన్నారు. చొక్కా ఒకటి కుట్టించుకున్నారు.

చలికాలంలో ఒకసారి ఇంటికి పోతే అమ్మ అడిగింది.

"నీ ఎర్ర సీస మల్ల ఎప్పుడు తెస్తవ్ నాయినా? గునుగుకు ఆ రంగు పట్టినట్టు బజారు రంగు పడ్తలేదు. వాడకట్టోళ్లందరు అడుగుతున్నరు."

దసరా సెలవులకు హాస్టలు మూస్తే పాత మైక్రోస్కోపు, రంగు సీసాలు మహదేవపూర్‌కు బయలుదేరకముందే ఇంటికి తెచ్చి పెట్టాను. సాఫ్రనిన్ అని, ఆకు కోతలకు వేసే ఎర్ర రంగు, నిలిచిందంటే పోదు. అది తగ్గిందని నాకు తెలుసు, ఎలుక తన్నిందనుకున్నాను. వాడకట్టులో ఆడవాళ్ల చేతులు ఎనిమిది రోజులు ఎర్రగానే ఉన్నాయని, దేవత కరుణించిందని ఒకామె అన్నదని చెల్లెలు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. గుల్ల కళ్లముందు కనబడింది. ఎర్రగా ముంచిన గునుగు, దాని కింద తంగేడు.

అయినా ఆశ చావక, దొడ్లో దండెం మీద వేలాడుతున్న ఎండు గునుగు ఒకటి తెచ్చి కిటికీ దగ్గర స్లైడు చేశాను. గుండ్రటివి, జల్లెడ చిల్లులవి, ఎర్రటివి. గోదావరి ఒడ్డున ఎవరూ చూడని జాతి మా దండెం మీద ఎండుతోంది. నా పిహెచ్‌డి పోతుందన్న భయం మొదట వచ్చింది, అబద్ధమెందుకు. సార్ కుట్టించుకున్న చొక్కా ఆ తరువాత గుర్తొచ్చింది. గుర్తొచ్చాక మరి పోలేదు.

చెప్పేద్దామని వరంగల్ వెళ్లాను. నేను నోరు తెరిచేలోపు ఆయనే చెప్పారు, సభకు పోయేముందు ఆ చెట్టును కళ్లతో చూడాలని, తాజా పూలు పట్టుకుపోవాలని. తంగేడు ఏడాది పొడుగునా ఎంతో కొంత పూస్తూనే ఉంటుంది. రేపే పోదామన్నారు. సరే సార్ అన్నాను. పిరికివాడికి సరే అన్నంత సులువైన మాట ఇంకోటి లేదు.

ఘనపూర్, భూపాలపల్లి దాటి మహదేవపూర్ బస్సు పోతున్నంతసేపూ దారిలో చెప్దామనుకున్నాను. సార్ కిటికీ పక్కన కూర్చుని ప్రతి పొదనూ చూపించి పేరు అడిగారు. ఆయన మోకాళ్లు ముందు సీటుకు కొట్టుకుంటున్నాయి. ఒళ్లో డబ్బాలో వాళ్ల ఆవిడ పెట్టిన పులిహోర. మహదేవపూర్‌లో దిగి గోదావరి వైపు నడిచాం. ఆయన జేబులోంచి నా చీటీ తీసి చదివారు. రాళ్ల గుట్ట ఎటు అన్నారు. నేను ఉత్తరం వైపు చెయ్యి చూపించాను. అక్కడ వరి నారుమళ్లు ఉన్నాయి. బురదలో ఆయన బూట్లు మునిగాయి. మడి దగ్గరున్న ముసలి రైతును గుట్ట ఎక్కడని ఆయనే అడిగారు.

"గుట్టేడిది సారూ. ఈడ అంత పొలమే."

ఇంకొంచెం పైకి ఉందేమో అని సార్ నా వైపు చూసి, నా మాట మీదే నమ్మకం పెట్టుకుని మళ్లీ నడిచారు. బూటు ఒకటి బురదలో ఉండిపోయింది. ఒంగి దాన్ని లాగుతున్నారు. అది చూడలేకపోయాను. గట్టు మీద నిలబడి అంతా చెప్పాను. వాగు, సత్తుపిండి, గుల్ల, గునుగు, ఎర్ర సీసా, మబ్బు. ఒకటీ దాచలేదు. చెప్తుంటే నోటికొచ్చిన భాష వచ్చింది, ఆయన దిద్దలేదు.

సార్ గట్టు మీద కూర్చున్నారు. బూటు కాలికి వేసుకోకుండా పక్కన పెట్టారు. తిడతారని చూశాను. ఆయన అడిగింది వేరే.

"తంగేడుతో గునుగు ఎందుకు కలుపుతారు?"

బతుకమ్మను పేర్చేటప్పుడు వరసకు వరస మారుస్తారని, గునుగు లేకుండా తంగేడు నిలవదని, రెండూ ఒకే గుల్లలో పెడతారని, ఈ జిల్లాలో చిన్నపిల్లను అడిగినా చెప్తుందని అన్నాను. ఆయన నా చీటీని మడిచి జేబులో పెట్టుకుని గోదావరి వైపు తిరిగారు.

"పదిహేడేళ్లు ఇక్కడ ఉన్నాను. ప్రతి దసరాకూ సెలవివ్వగానే రైలెక్కాను. ఒక్కసారి ఆగి చూసుంటే, నీ అబద్ధం ఆ స్లైడులోనే పట్టుకునేవాణ్ని."

ఆ మాటకు నేను ఏడ్చాను. తిట్టి ఉంటే ఏడ్చేవాణ్ని కాదు. ఆయన పులిహోర డబ్బా తీసి మూతలో నా వాటా పెట్టారు. తిన్నాక గట్టు పక్కన ఉన్న తంగేడు చెట్టు నుంచి పూలు కోసి కాగితంలో పెట్టారు. ఊళ్లోకి వచ్చి పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని సభ వాళ్లకు ఉత్తరం రాశారు. నమూనాలో కల్తీ జరిగింది, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాను, బాధ్యత నాది అని. నా పేరు అందులో లేదు. పోస్టు డబ్బాలో వెయ్యమని నా చేతికిచ్చారు. ఆ ఉత్తరం కంటే బరువైనదాన్ని నేను ఇంతవరకు మొయ్యలేదు.

మహదేవపూర్ తంగేడు పుప్పొడి జనగామ తంగేడు పుప్పొడిలాగే ఉంది. పొడుగ్గా, మూడు గాట్లతో. నా థీసిస్‌లో ఆ ఒక్క వాక్యం రాయడానికి ఇంత జరిగింది.

తరువాతి దసరాకు, రిటైర్మెంటుకు ఇంకా కొన్ని నెలలుండగా, సార్ రైలెక్కలేదు. పొద్దున్నే జనగామ బస్సు దిగి, ఆ కొత్త చొక్కా వేసుకుని మా ఇంటికి వచ్చారు. అమ్మ తాంబాలం ముందు పెట్టుకుని బతుకమ్మ పేరుస్తోంది. ఆయన భూతద్దం తీసి ఆమె ఎదురుగా గొంతుకూర్చున్నారు. ఎండకు అడ్డం వస్తున్నారు, జర పక్కకు జరగమని అమ్మ అంది. ఆయన జరిగారు. గుల్లలోంచి రెండు పూలు తీసుకోవచ్చా అని ఆమెనే అడిగారు. ఆమె తలూపాక తంగేడూ గునుగూ రెండూ తీసి ఒకే కాగితంలో మడిచారు. చీటీ తీసి, ఎక్కడ కోశారమ్మా, నేల ఎట్లాంటిది, పక్కన ఏమేం ఉన్నాయి, వాన పడిందా అని అడుగుతూ రాసుకున్నారు. అమ్మ తల ఎత్తకుండానే చెప్పింది. చెరువు కట్ట వెనక, చౌడు నేల, పక్కన గునుగు చేను, తెల్లవారి ఒక జల్లు పడ్డది.

సేకరించినవారు అన్నచోటికి రాగానే ఆయన రాయడం ఆపారు. చీటీ, కలం నా చేతికిచ్చారు. నేను అమ్మ పేరు రాశాను. రేషన్ కార్డులో తప్ప ఎక్కడా లేని పేరు. నా చేత్తో ఆ పేరు రాయడం అదే మొదటిసారి.

ఏం రాసినవ్ అని అమ్మ అడిగింది. నీ పేరు అన్నాను. నా పేరెందుకు అంది. కోసినోళ్ల పేరు రాయాలె అన్నాను. ఆమె గునుగు వరస పూర్తి చేసి, మళ్లీ తంగేడు అందుకుంటూ నన్ను చూసింది.

"పోయినేడు గూడ నా గుల్లలకెల్లే తీస్కపోయినవ్ గద. అప్పుడు ఎవల పేరు రాసినవ్?"

సార్ వైపు చూశాను. ఆయన భూతద్దం కంటికి ఆనించుకుని గునుగు మీదికి వంగారు.